ఊడ్చిన దుమ్ము

తొమ్మిది మాటలు విని ఎనిమిదే చెప్పాను. ఆ తొమ్మిదోది చెప్పకపోవడం వల్ల ఒక మనిషి కుడిచెయ్యి పోయింది. ఈ సంగతి మొదట్లోనే చెప్పేస్తున్నాను. చివరిదాకా దాచిపెట్టి మీ చేత అయ్యో పాపం అనిపించుకునే ఉద్దేశం నాకు లేదు. అయ్యో అనాల్సింది నన్ను చూసి కాదు.

మాది కడప జిల్లా. ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలుగు. సౌదీకి వచ్చి పద్నాలుగేళ్ళు దాటింది. మొదట దమ్మామ్‌లో గోదాముల మధ్య లారీ తోలాను. ఆ ఉక్కపోత పడలేక, వాళ్ళనూ వీళ్ళనూ పట్టుకుని కఫాలా, అంటే నా వీసాకు పూచీ ఉన్న యజమానిని, మార్పించుకుని తాయిఫ్ కొండ మీదికి వచ్చాను. ఊరి బయట, గులాబీ తోటలు దాటాక, లైసెన్సు ఉన్న షూటింగ్ క్లబ్బు ఒకటుంది. అక్కడ డ్రైవరుగా చేరి, స్టోరుకీపరునై, చివరికి క్లబ్బు వెనకాల రాతిగదిలో బల్ల ముందు కూర్చున్నాను. లారీ తోలినవాడికి ఏసీ గదిలో కుర్చీ దొరికింది. ఇంటికి ఫోను చేసినప్పుడు నా గొంతు కూడా మారిందని మా ఆవిడ అనేది.

ఆ గదిలో పని, పేల్చేసిన తూటాల ఇత్తడి గొట్టాలను మళ్ళీ నింపడం. గొట్టం అడుగున కందిబేడంత మూత ఒకటి ఉంటుంది, దాన్ని ప్రైమర్ అంటారు. తుపాకి సూది వచ్చి దాన్ని పొడిస్తే అది భగ్గుమని గొట్టంలోని మందును అంటిస్తుంది. కొత్తవాళ్ళు మందును చూసి భయపడతారు. భయపడాల్సింది ఈ కందిబేడను చూసి. మందుకు నిప్పు కావాలి. దీనికి ఒక దెబ్బ చాలు, ఒక రాపిడి చాలు, కాస్త వేడి తగిలినా చాలు. ఒకటి పేలితే వేలు చీరుకుంటుంది. పది ఒకేచోట ఉంటే ఏమవుతుందో నేను తర్వాత చూశాను.

పాత సరుకుతో గొడవ ఇంకా ఎక్కువ. ఎక్కడో మిలిటరీ గోదాముల్లో ఏళ్ళ తరబడి మగ్గిన తూటాలు, ప్రైమర్లు చెక్కపెట్టెల్లో వచ్చేవి. మూత తీస్తే తుప్పు వాసన, గ్రీజు వాసన. ఒక్కొక్క తూటానూ వెలుతురులో తిప్పి చూడాలి. పచ్చగా చిలుము పట్టింది వేరు, నెర్రె విచ్చింది వేరు, ఊపితే లోపల గలగలమనేది వేరు. వేరు చేసినదాన్ని ఇక ముట్టుకోకూడదు, విప్పాలని చూడకూడదు, అలాగే పెట్టెలో పెట్టి సీలు వేస్తే తీసుకుపోయేవాళ్ళు వచ్చి తీసుకుపోతారు. పాత ప్రైమరు ఎలా ఉంటుందంటే, మా జేజినాయన చివరి రోజుల్లో ఉన్నట్టు ఉంటుంది. పలకరిస్తే పలకదు, వదిలేస్తే ఉన్నట్టుండి అరుస్తుంది. చచ్చిందని నమ్మి సుత్తితో కొట్టిన ప్రైమర్లు ఎన్ని బతికి లేచాయో ముదీర్ కథలు కథలుగా చెప్పేవాడు.

ముదీర్ అంటే మేనేజరు. మిలిటరీలో ఇదే పని చేసి రిటైరైన మనిషి. ఎడమచేతి చిటికెనవేలు సగమే ఉండేది. ఆ సగం వేలిని చూపించి మాకు పాఠం చెప్పేవాడు. పనిలో నిక్కచ్చి. గదిలో సెల్‌ఫోను తెచ్చినందుకు ఒక సూడాన్‌వాణ్ణి ఆ పూటే పంపించేశాడు. నా మీద మాత్రం ఆయనకు గురి. బల్ల ముందు కుర్చీ నాదే, అరబ్బీ చక్కగా వచ్చినవాణ్ణి నేనే. పాకిస్తానీలకు ఉర్దూలో, మనవాళ్ళకు తెలుగులో ఆయన మాట నా నోటి గుండానే పోవాలి. నేను లేకపోతే ఆ గది నడవదని నేను గట్టిగా నమ్మాను.

అప్పుడొచ్చాడు ఆచారి.

మా సీమలో బంగారం పని చేసేవాణ్ణి ఆచారి అంటాం, పేరుతో పని లేదు. ఆయనది కరీంనగర్ వైపు. వాళ్ళ దగ్గర అవుసలాయన అంటారట. యాభై ఐదు దాటిన మనిషి, ఎండిన చింతబరికెలా ఉండేవాడు. రెడీమేడ్ నగల షాపులు వచ్చాక ఊళ్ళో ఆయన దుకాణానికి మనుషులు రావడం మానేశారు. ఏజెంటు ఎవడో క్లీనర్ పని అని పంపించాడు. ట్రంకుపెట్టెలో బట్టల కింద ఊదుగొట్టం, మూసలు, రెండు చిన్న సుత్తులు పెట్టుకుని సౌదీకి వచ్చిన మొదటి క్లీనరు ఆయనే అయుంటాడు. క్వార్టర్లలో మేం పడుకునే గదిలో పై మంచం నాది, కింది మంచం ఆయనది. వచ్చిన రోజే చెప్పాడు:

"రెండేండ్లు, భాయ్. రెండేండ్లు జేసి పోయి మల్ల కుంపటి ముంగట కూసుంట. చెయ్యి మొద్దువారకుంటె చాలు. మా పనికి చెయ్యే గద ఆస్తి."

చెయ్యి గురించి ఆయనకు మహా పట్టింపు. గిన్నెలు తోమాక కొబ్బరినూనె రాసుకునేవాడు, గోళ్ళు తీర్చిదిద్దుకునేవాడు. నేను గేలి చేసేవాణ్ణి. "ఏం ఆచారీ, పెండ్లికూతురివా? గోరింటాకు గూడా తెప్పియ్యనా?" అంటే గదిలో ఉన్న పాకిస్తానీలకు కూడా నేనే ఉర్దూలో చెప్పి నవ్వించేవాణ్ణి. ఆయనా నవ్వేవాడు. ఎందుకు నవ్వుతున్నామో ఆయనకు సగమే అర్థమయ్యేదని నాకు తెలుసు.

ఒకరోజు నా చేతిలోంచి ప్రైమరు జారి బల్ల కిందికి దొర్లింది. ముదీర్ అక్కడే ఉన్నాడు. నేను కళ్ళద్దాలు సర్దుకుని వంగేలోపు, గడప దగ్గర నేల తుడుస్తున్న ఆచారి మోకాళ్ళ మీద కూర్చుని, రెండు వేళ్ళతో పువ్వు కోసినట్టు దాన్ని ఎత్తి, నా ముందున్న పళ్ళెంలో బోర్లా పడకుండా పెట్టాడు. ముదీర్ కాసేపు ఆ వేళ్ళ వైపే చూశాడు. ఇంకొకటి ఎత్తమన్నాడు. ఇంకొకటి. తర్వాత నా కుర్చీలో కూర్చోమన్నాడు. నేను లేచాను.

వారం తిరక్కుండానే బల్ల ఆయనదైంది. నేను వంద గొట్టాలకు ప్రైమర్లు ఎక్కించేలోపు ఆయన నూటయాభైకి ఎక్కించేవాడు, ఒక్కటీ వంకర పోయేది కాదు. ఇనుప పట్టుకారు వద్దని ముదీర్ అంటే, పనికిరాని గొట్టం ఒకటి అడిగి తీసుకుని, ఇత్తడితో తనే ఒక చిన్న పట్టుకారు చేసుకున్నాడు. దాని మొనలు చూడాలి. అంత సన్నని పని నేను మళ్ళీ చూడలేదు. ముదీర్ దాన్ని చేతిలోకి తీసుకుని నాతో అన్నాడు, ఈయన ఒక వేలికి నువ్వు పదిమందివైనా చాలవు, ఈ మాట ఆయనకు చెప్పు అని. నేను చెప్పాను. పదిమంది అన్నది మాత్రం ఇద్దరు అని చెప్పాను. అదీ నా బుద్ధి. నన్ను గోదాము తాళాలకూ, వచ్చినవాళ్ళకు ఖహ్వా కాఫీ కాచడానికీ పంపేశారు.

నాకు కుళ్ళు పుట్టింది. ఇంకో పేరు పెట్టి దాన్ని మర్యాద చెయ్యను. తిండి తింటున్నా అదే, పడుకున్నా అదే. కింది మంచం మీద ఆయన గుర్రు వినిపిస్తే నాకు ఒళ్ళు మండేది.

ఆచారిని బల్లకు మార్చిన రోజునే ముదీర్ నియమాలు చెప్పాడు. గదిలో మేం ముగ్గురమే. ఆయన అరబ్బీలో ఒక్కొక్కటే చెబుతాడు, నేను తెలుగులో చెప్పాలి, ఆచారి తలూపాలి. లోపలికి వచ్చేముందు తలుపు దగ్గరున్న రాగిరేకును చేత్తో ముట్టుకోవాలి, ఒంట్లో కరెంటు పోవడానికి. నూలుబట్టలే కట్టుకోవాలి. ప్రైమర్లను కంపెనీ పెట్టెలోంచి తీసి వేరే సీసాలో కలిపి పొయ్యకూడదు. పళ్ళెంలో ఒకసారికి కొన్నే పెట్టుకోవాలి. ప్రైమరును గొట్టంలోకి నొక్కే మీట గట్టిగా ఉందనిపిస్తే బలవంతం చెయ్యకుండా ఆగిపోవాలి. ఎక్కించిన ప్రైమరును మళ్ళీ పొడిచి తీయకూడదు. చిలుము పట్టినదాన్ని గోకకూడదు. కళ్ళద్దాలు పెట్టుకోకుండా ఏ పనీ చెయ్యకూడదు, ఎంత చిన్న పనైనా సరే. ఇవి ఎనిమిది. ఒక్కొక్కటీ చెప్పాను. ఆచారి ఒక్కొక్కదానికీ "మంచిది, భాయ్" అన్నాడు.

అప్పుడు ముదీర్ సగం వేలు పైకెత్తి తొమ్మిదోది చెప్పాడు. కింద పడినదాన్ని దాచుకోవద్దు. తడిపొరకతో ఊడ్చిందంతా, దుమ్మైనా ఇత్తడి పొడైనా, అప్పటికప్పుడు ఆ నీళ్ళ బకెట్లో పోయాలి. పొడిగా ఉంచకూడదు. నిప్పు దగ్గరికి అస్సలు పోకూడదు. ఎందుకంటే ఆ దుమ్ములో ప్రైమర్ల మందు రాలి ఉంటుంది, కనబడకుండా ఒకటో రెండో ప్రైమర్లే ఉంటాయి. ఇది చెప్పాక నా వైపు చూసి, చెప్పు అన్నాడు.

నేను తెలుగులో ఏమన్నానో నాకు అక్షరం అక్షరం గుర్తుంది. "జాగ్రత్తగా పని చెయ్యమంటాండాడు, అంతే" అన్నాను.

ఎందుకలా అన్నానని మీరు అడగచ్చు. చెయ్యి పోవాలని కాదు. అంత దూరం నా బుర్ర పోలేదు. ఆయన ఆ నియమం తప్పుతాడు, ముదీర్ కంట పడతాడు, సూడాన్‌వాడిలా ఆ పూటే బల్ల మీదినుంచి లేపేస్తారు, కుర్చీ నాకొస్తుంది. నేను వేసుకున్న లెక్క ఇంతే. తప్పుతాడని నాకు అంత నమ్మకం ఎందుకంటే, ఆయన బంగారం పనివాడు. బంగారం పనివాళ్ళు దుకాణం ఊడ్చిన దుమ్మును పారెయ్యరు. ఏడాది పొడుగునా డబ్బాలో దాచి, కడిగి, మూసలో వేసి కరిగించి, రాలిన బంగారమంతా తీసుకుంటారు. ఈ సంగతి కడపలో ఆచారుల వీధి పక్కన పెరిగిన నాకు తెలుసు. ముదీర్‌కు తెలియదు.

నేననుకున్నట్టే జరిగింది. రెండోరోజే పాలపొడి డబ్బా ఒకటి కడిగి ఆరబెట్టి బల్ల కింద పెట్టాడు. సాయంత్రం తడిపొరకతో ఊడ్చి, ఊడ్చిందంతా కాగితం మీద ఆరనిచ్చి, డబ్బాలో పోశాడు. నేను తాళాలు పట్టుకుని గడపలో నిలబడి చూశాను.

"ఏం ఆచారీ, ఈడ గూడా బంగారం రాల్తాందా?" అన్నాను.

"బంగారం లేకుంటేంది, భాయ్. ఇత్తడి పొడి గింత గింత ఉంటది. దుకాండ్ల ఊడ్సిన దుమ్ము పారేస్తె మా నాయన కొట్టెటోడు. అలవాటైపోయింది. పారెయ్యబుద్ధి గాదు."

"దాచిపెట్టుకో, దాచిపెట్టుకో. పొయ్యేటప్పుడు వడ్డాణం చేపిచ్చుకొని పోదువు" అన్నాను. నవ్వాడు.

నేను మాత్రం ఖహ్వా గదిలో, గోదాములో ఊడ్చిన చెత్తను కూడా తెచ్చి ఆ గదిలో నీళ్ళ బకెట్లోనే పోసేవాణ్ణి. అందులో ప్రైమర్లు ఉండే అవకాశమే లేదు. అయినా పోసేవాణ్ణి. అది భయమో, ముదీర్ ముందు మెప్పో, నాకే తెలియదు.

శుక్రవారం మాకు సెలవు. మేమంతా జుమ్మా నమాజుకు పోతే, క్వార్టర్ల వెనక ఆచారి ఒక్కడే మిగిలేవాడు. మాంసం కాల్చుకునే బొగ్గులు కొన్ని తెచ్చి, ఇటుకల మధ్య కుంపటి చేసుకున్నాడు. ఊదుగొట్టం బయటికి తీశాడు. మొదట పగిలిన కొళాయి ముక్కలు కరిగించి పుస్తెలు చేసేవాడు. ఇత్తడి పుస్తెలు, గోరంత గిన్నెల్లా, అచ్చు బంగారం పుస్తెల్లాగే. పూర్తయ్యాక వెలుతురులో తిప్పి చూసుకుని, మళ్ళీ కరిగించేసేవాడు. మళ్ళీ చేసేవాడు. ఎందుకయ్యా అంటే, చెయ్యి మరిచిపోకుండా అన్నాడు. రెండేళ్ళలో ఇంకా ఏడు నెలలే ఉన్నాయని వేళ్ళ మీద లెక్కపెట్టి చూపించాడు.

డబ్బా నిండుతోంది. అది నిండితే ఎక్కడికి పోతుందో నాకు తెలియదని ఇప్పటికీ నాకు నేను అబద్ధం చెప్పుకోగలను. తెలుసు. కుంపటి చూశాను, మూస చూశాను, డబ్బా చూశాను. మూడూ విడివిడిగా చూసి, కలిపి చూడ్డానికి ఇష్టపడలేదు. ముదీర్ ఇంకా పట్టుకోలేదేమిటా అన్నదే నా చిరాకు. ఒకరోజు ఆయన తనిఖీకి వస్తున్నాడని తెలిసి, బల్ల కిందున్న డబ్బాను నేనే కాలితో ముందుకు నెట్టి, కళ్ళబడేలా పెట్టాను. ముదీర్ దాని మీద పాలపొడి బొమ్మ చూసి, గదిలోకి తిండి పదార్థాలు తేవద్దని చెప్పు, అని నా మీదే విసుక్కుని వెళ్ళిపోయాడు. ఆ మాట మాత్రం ఆచారికి వెంటనే చెప్పాను. ఆయన ఆ సాయంత్రమే డబ్బాను క్వార్టర్లకు తెచ్చుకుని, మంచం కింద ట్రంకుపెట్టె పక్కన పెట్టుకున్నాడు. ఆ డబ్బా మీదే వారం రోజులు పడుకున్నాం, నేను పైన, ఆయన కింద.

ఆ శుక్రవారం నమాజుకు ముందు ఇమాం చెప్పే ఖుత్బా సగంలో ఉంది. శబ్దం పెద్దదేమీ కాదు. లారీ టైరు పగిలినట్టు ఒకటి, దాని వెంటే పటపటమని కొన్ని. మసీదులో నలుగురు తల తిప్పారు. క్లబ్బులో ఎవరో కాలుస్తున్నారనుకుని మళ్ళీ ముందుకు తిరిగారు. శుక్రవారం క్లబ్బు మూసి ఉంటుందని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. లేచి పరుగెత్తాల్సింది. లేవలేదు. తప్పనిసరిదైన ఫర్జ్ అయ్యాక, చదవకపోయినా నడిచే సున్నత్ కూడా అందరితోపాటు చదివాను, ఒక్క సజ్దాలోనూ నేలకు ఆనిన తలను తొందరపడి ఎత్తకుండా. నా జన్మలో అంత నిదానంగా నమాజు ఎప్పుడూ చెయ్యలేదు. తర్వాత చెప్పులు వెతుక్కున్నాను. అవి నా ముందే ఉన్నాయి.

ఇటుకలు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. ఊదుగొట్టం, మూత తీసిన పాలపొడి డబ్బా దూరంగా ఇసుకలో ఉన్నాయి. ఆచారి గోడకు ఆనుకుని కూర్చుని, ఎడమచేత్తో కుడిచేతిని లుంగీలో చుట్టి పట్టుకున్నాడు. లుంగీ ఏ రంగుదో తెలియడం లేదు. ముఖమంతా మసి, గడ్డం కాలింది. కళ్ళకు అద్దాలు ఉన్నాయి. గదిలోంచి తెచ్చుకున్న అద్దాలే, కుడివైపుది నెర్రెలు విచ్చి ఉంది. కళ్ళు మిగిలాయి. ఎంత చిన్న పనైనా కళ్ళద్దాలు పెట్టుకోకుండా చెయ్యకూడదని నేను చెప్పాను కదా. సెలవురోజున, తన సొంత కుంపటి ముందు కూడా పెట్టుకున్నాడు.

నన్ను చూసి మొదట అన్న మాట, "భాయ్, జెర ఆ వేళ్ళు యాడ పడ్డయో జూడు" అని.

వెతికాను. ఒకటి దొరికింది. అది ఏమీ పనికిరాలేదు.

ఆస్పత్రిలో బొటనవేలు, పక్క రెండు వేళ్ళు లేవని తేల్చారు. మిగిలిన రెండూ వంగవు. నాలుగోరోజు విచారణకు ఇద్దరు అధికారులు వచ్చారు, పక్కన ముదీర్. ముదీర్ ముఖం పాలిపోయి ఉంది. ఆయన మీదికి వస్తే క్లబ్బు లైసెన్సే పోతుంది. అక్కడ నర్సులు మలయాళీలు, తెలుగు వచ్చినవాణ్ణి నేనే. నన్నే మధ్యలో నిలబెట్టారు.

ఊడ్చినదాన్ని నీళ్ళలో పొయ్యాలన్న నియమం నీకు చెప్పారా అని అడగమన్నారు. అడిగాను. తెలుగులో అడగక తప్పలేదు, ఆయన జవాబు కోసం అందరూ నా నోరే చూస్తున్నారు.

ఆచారి కళ్ళు చిట్లించి ఆలోచించాడు. "లేదు గద, భాయ్. ఎవ్వలు జెప్పలె. చెప్తె ఎందుకు జెయ్య?" అన్నాడు.

వాళ్ళ వైపు తిరిగాను. చెప్పారట, మోయాలో పొయ్యాలని తెలుసట, మరిచిపోయాడట, తప్పు తనదే అంటున్నాడు, అన్నాను. మోయా అంటే నీళ్ళు. ఆచారికి వచ్చిన నాలుగు అరబ్బీ మాటల్లో అదొకటి. అది విని నా చెయ్యి తట్టి, "నాకు దూప లేదు, భాయ్, నీళ్ళొద్దని చెప్పు" అన్నాడు. ఏమంటున్నాడని అధికారి అడిగాడు. క్షమించమంటున్నాడు అని చెప్పాను.

కాగితం మీద ఎడమచేతి వేలిముద్ర వేయించుకున్నారు. బయటికి వచ్చాక ముదీర్ నా భుజం మీద సగం వేలున్న చెయ్యి వేసి, రేపట్నుంచి బల్ల దగ్గర కూర్చో అన్నాడు. నాకు సంతోషం కలిగింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ క్షణాన నిజంగానే సంతోషం కలిగింది. మెట్లు దిగేదాకా ఉంది. కింద ఖహ్వా కొనుక్కుని, తాగకుండానే పారబోశాను.

ఖురూజ్ కాగితాలు, దేశం విడిచి పొమ్మనే కాగితాలు, తొందరగానే వచ్చాయి. ఆయన్ని జెద్దా విమానాశ్రయానికి దించే పని నాకే పడింది. డ్రైవరును కదా. హదా ఘాటు దిగుతుంటే రోడ్డు పక్కన కోతులు వరసగా కూర్చుని ఉన్నాయి. ఆచారి బండి ఆపమని, సంచిలోంచి అరటిపళ్ళు తీసి ఒలవబోయాడు. ఎడమచేత్తో రాలేదు. పళ్ళతో కొరికి ఒలిచి విసిరాడు. "ఎడమచెయ్యిది గూడ అలవాటైతది తీయ్" అన్నాడు. కుంపటి గురించి ఏమీ అనలేదు. ట్రంకుపెట్టె వెనకసీట్లో ఉంది, మలుపు తిరిగినప్పుడల్లా లోపల సుత్తులు కదిలి చప్పుడు చేస్తున్నాయి.

ఘాటు దిగాక అడిగాడు.

"భాయ్, ఒక్కటి జెప్పు. నువ్వు జెప్పినయన్ని జేసిన గద. రాగిరేకు ముట్టిన, నూలుబట్టలే కట్టిన, అద్దాలు గూడ పెట్టుకున్న. ఏది తప్పిన నేను? ఇంటికాడ అడుగుతరు. ఏం జెప్పాలె?"

నేను గేరు మార్చాను.

"ఆస్పత్రిల నీళ్ళల్ల పోసుడు గురించి అడిగిరి గద. బకెట్ల నీళ్ళు ఎందుకున్నయో అని నాకు పని జేసేటప్పుడే అనుమానమొచ్చింది. నువ్వు నీ చెత్త అండ్ల పోసుడు రోజు జూసెటోణ్ణి. అడుగుదమనుకున్న. మల్ల, నేను డబ్బల పోస్తుంటె నువ్వు ముంగట్నే నిలబడి జూస్తివి, నవ్వితివి. తప్పైతె నువ్వు జెప్పకుంటవా అనుకున్న. నీ మాట మీదనే ఉంటి గద."

చెప్పెయ్యాలనిపించింది. నోటి దాకా వచ్చింది. చెబితే బండిలోంచి దిగి, ఆ కట్టుతో, ఆ పెట్టెతో, ఆ ఎండలో నడిచిపోతాడేమోనని భయపడ్డానని ఇన్నాళ్ళూ అనుకున్నాను. అది కూడా అబద్ధమే. కుర్చీ పోతుందని భయపడ్డాను.

"నీ తప్పేం లేదు, ఆచారీ. సరుకు పాతది, అంతే" అన్నాను.

ఆయన తలూపాడు. మనసు కుదుటపడినట్టే కనిపించాడు. "అట్లనే జెప్త" అన్నాడు. "ఆస్పత్రిల గూడ నా దిక్కు మంచిగ మాట్లాడినవ్. జైల్ల ఏస్తరేమో అని మస్తు భయపడ్డ."

విమానాశ్రయంలో పెట్టె దించాక, చొక్కా జేబులోంచి ఎడమచేత్తో ఏదో తీసి నా చేతిలో పెట్టి, వేళ్ళు మూశాడు. ఇత్తడి పట్టుకారు.

"ఇది నా చెయ్యికి జేసుకున్న. ఇగ నాకెందుకు. బల్ల కాడ కూసునేది నువ్వే గద" అన్నాడు.

ఇప్పుడు కొత్తగా వచ్చినవాళ్ళకు తొమ్మిది నియమాలూ నేనే చెబుతాను, తొమ్మిదోది మొదట చెబుతాను, మూడుసార్లు చెప్పిస్తాను, దుమ్ము పొడిగా కనిపిస్తే బండబూతులు తిడతాను. రాక్షసుడని నాకు పేరు. ఆ పట్టుకారుతోనే రోజూ ప్రైమర్లు ఎక్కిస్తున్నాను. చాలా మంచి పట్టుకారు. ఇన్నేళ్ళలో ఒక్కటీ జారలేదు.